మేస్త్రమ్మ తుడవని గోడ

మేస్త్రమ్మ అన్నది ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఆమె గోడలు కట్టే మనిషీ కాదు. అద్దెకున్నవాళ్లు సామాను సర్దుకుని వెళ్లిపోయాక, కొత్తవాళ్లు దిగేలోపు ఆ ఇంటిని కడిగి, తోమి, తుడిచి అప్పజెప్పడం ఆమె పని. చేతికింద కొందరు ఆడవాళ్లు. ఆ పేరు వాళ్లే పెట్టారు, మొదట్లో ఎగతాళికి. ఆ ఎగతాళి ఎన్నాళ్లో నిలవలేదు. ఆవిడ నోటికి జడిసి అదే గౌరవంగా మారిపోయింది.

నోరంటే మామూలు నోరా! పొయ్యి వెనక జిడ్డు చుక్క మిగిలిందంటే చాలు, "ఏమ్మా, దీన్ని వచ్చేవాళ్లకి కానుకగా వదిలావా?" అని అందరి ముందూ దులిపేసేది. కిటికీ చువ్వల సందుల్లో వేలు పెట్టి చూసేది. స్నానాలగదిలో చతికిలబడి కుళాయి కిందికి తొంగి చూసేది. "మనకి కనబడే వైపు ఎవరైనా తుడుస్తారే. కనబడని వైపు తుడిస్తేనే పని" అనేది. వినేవాళ్లకి నవ్వొచ్చేది గానీ, నవ్వితే ఆ కుళాయి మళ్లీ మొదటి నుంచి తోమాల్సొచ్చేది.

ఆమె పనికి కొన్ని కట్టుబాట్లున్నాయి. లోపలి గదిలో మొదలుపెట్టి వీధి గుమ్మం దాకా వెనక్కి వెనక్కి రావాలి. తుడిచిన చోట మళ్లీ కాలు పెట్టకూడదు. ఇక గోడల సంగతికొస్తే ఒకటే మాట: "మరకని తుడవకూడదు, గోడని తుడవాలి." కొత్తగా చేరినవాళ్లకి ఇదేం వేదాంతమో అర్థమయ్యేది కాదు. నల్లగా మరక కనబడుతుంది, తడిగుడ్డతో రుద్దుతాం, పోతుంది. ఇంకేం కావాలి? గోడ ఆరాక చూడాలి తమాషా! పాత గోడంతా మసగ్గా ఉంటుంది కదా, రుద్దినంత మేరా తెల్లగా తేలుతుంది, మరక ఏ ఆకారంలో ఉండేదో సరిగ్గా ఆ ఆకారంలోనే. మరక ఉన్నప్పటికన్నా ఎక్కువ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందుకని ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడంతా ఒకే చేత్తో కడిగి తీరాలి.

ఇంతటి మేస్త్రమ్మ సొంతంగా అద్దెకున్న ఇంట్లో, పడగ్గది నుంచి వీధి తలుపు దాకా గోడ పొడుగునా నల్లటి చార ఒకటి ఉండేదంటే ఎవరైనా నమ్ముతారా? ఉండేది. ఏళ్ల తరబడి ఉంది.

ఆ చార ఆమె మొగుడిది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. షుగరు ముదిరి కళ్లకి తగిలింది. మొదట రాత్రి డ్యూటీలు మాన్పించారు, తర్వాత స్టీరింగే మాన్పించారు, ఆ తర్వాత మిగిలిన కాస్త వెలుతురూ పోయింది. ఆమె చేతికర్ర కొనుక్కొస్తే మూలకి విసిరేశాడు. "ఇంట్లో కర్రేంటే, పాముల్ని కొట్టాలా?" అన్నాడు. గోడకి చెయ్యి ఆనించి నడవడం మొదలుపెట్టాడు. వెళ్లేప్పుడు ఎడం చెయ్యి, వచ్చేప్పుడు కుడి చెయ్యి, గోడ మాత్రం అదే. మంచం దగ్గర బయల్దేరి గది గుమ్మం, ముందు గది, వంటింటి మలుపు, అక్కడి నుంచి వీధి తలుపు. వేళ్లు రాసుకుని రాసుకుని నడుం ఎత్తున గోడ నల్లబడిపోయింది.

దానికి ఆయన పెట్టుకున్న పేరు రూటు. వంటింటి మలుపు దగ్గర నోటితో హారను కొట్టేవాడు. ఆమె గరిటె పట్టుకుని అడ్డంగా నిలబడితే, "మేడమ్, ఫుట్‌బోర్డు మీద నిలబడకండి, లోపలంతా ఖాళీయే" అనేవాడు. ఒక్కోసారి ఆమెకి నవ్వాగేది కాదు. ఒక్కోసారి ఒళ్లు మండిపోయేది. పొద్దుట్నుంచీ ఎవరెవరి జిడ్డో వదిలించి నడుం విరిగి ఇంటికొస్తే, ఇక్కడ హారన్లా!

మొదట్లో ఆ చారని కూడా ఆమె ఊరికే వదల్లేదు. ఒక సెలవు రోజున ఆయన నిద్రపోతుండగా బకెట్టునిండా సబ్బునీళ్లు కలుపుకుని గోడంతా కడిగేసింది. ఆయన లేచాడు, చెయ్యి ఆనించాడు, నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. "ఏమే! ఎక్కడున్నావు? ఇదెవరిల్లే?" అన్నాడు. ఆ గొంతులో వేళాకోళం లేదు. ఆ చేతికి అలవాటైన గోడ కాదది, నున్నగా, చల్లగా, పరాయిగా ఉంది. ఆమె పరిగెత్తుకెళ్లి చెయ్యి పట్టుకుంటే ఎంతసేపటికీ వదల్లేదు. కిక్కిరిసిన బస్సుని కొండ వాలులో బ్రేకులు సరిగ్గా పడకపోయినా ఆపుకొచ్చిన మనిషి. ఆయన భయపడటం ఆమె చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఆ గోడ జోలికి పోలేదు. ఎవరైనా వచ్చి, "అదేంటి మేస్త్రమ్మా, అందరి ఇళ్లూ అద్దంలా చేస్తావు, నీ గోడ ఇలా ఉందేం?" అంటే, "అది మా ఆయన ఆస్తి. నాకు వాటా లేదు" అని నోరు మూయించేది.

ఆయన పోయాడు. కళ్ల తర్వాత కిడ్నీలు, కిడ్నీల తర్వాత ఆస్పత్రి, ఆ వరస తెలియనివాళ్లెవరు? ఆస్పత్రికి బయల్దేరిన రోజు కూడా ఒకరి చెయ్యి పట్టుకోనన్నాడు. గోడ పట్టుకునే తలుపు దాకా వచ్చాడు. వంటింటి మలుపు దగ్గర హారను కొట్టబోయాడు గానీ ఊపిరి చాల్లేదు.

ఆ తర్వాత ఆమె ఆ ఇంట్లో ఒక్కతే. పనికి పోవడం, రావడం, ఆ చారకేసి చూస్తూ కూర్చోవడం. ఫొటో వైపు చూసేది కాదు. ఫొటోలో ఆయన ఎవరి పెళ్లికో వచ్చినవాడిలా బిగుసుకుపోయి ఉంటాడు. గోడ మీదైతే ఇంకా నడుస్తున్నట్టే ఉంటుంది.

ఇంతలో ఇంటావిడ వచ్చి, కూతురూ అల్లుడూ ఆ వాటాలోకి దిగుతున్నారనీ, నెలాఖరుకి ఖాళీ చెయ్యాలనీ చెప్పింది. మంచి మనిషే పాపం, చెప్పలేక చెప్పలేక చెప్పింది. "శుభ్రం సంగతి మీకు నేను చెప్పాలా మేస్త్రమ్మా!" అని నవ్వింది కూడా. ఆ నవ్వు దగ్గర మేస్త్రమ్మ మనసు చివుక్కుమంది. అంత పేరు మోసిన మనిషి గోడ మీద చార వదిలేసి పోతుందా? పోనీ వదిలేసినా, వచ్చేవాళ్లు ఉంచుకుంటారా? తుడవక తప్పదు. తుడిచేది మాత్రం తనే అయ్యుండాలి. ఆ గోడ మీద ఇంకో చెయ్యి పడకూడదు.

ఆమె కోరుకున్నది చాలా చిన్న సంగతి. సామానంతా వెళ్లిపోయాక, ఎవరూ లేని ఇంట్లో, కళ్లు మూసుకుని, మంచం ఉండిన చోటి నుంచి వీధి తలుపు దాకా ఆ చార మీద చెయ్యి పెట్టి ఒక్కసారి నడవాలి. ఆ తర్వాతే బకెట్టు ముట్టుకోవాలి. ఆయన ఉండగా ఏనాడూ ఆయన నడకలో నడిచింది లేదు. ఎప్పుడూ రెక్క పట్టుకుని లాగడమే, "తొందరగా రావయ్యా, నాకవతల పనుంది" అనడమే. ఇప్పుడైనా ఆయన వెనకాల ఆయనంత నెమ్మదిగా నడవాలి. ఈ మాట ఇంకొకరితో అనడానికి ఆమెకి సిగ్గేసింది.

సామాను ఆడపడుచు గదికి చేరింది. ఈ ఆడపడుచు ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. మొగుడితో పొసగక విడిగా ఉంటూ, వదిన దగ్గరే పని నేర్చుకుని, వదిన చేతికిందే చేస్తోంది. ఇకనుంచి వదినామరదళ్లిద్దరూ ఒకే గదిలో ఉందామనుకున్నారు. తాళం అప్పజెప్పడానికి ముందు రోజు సాయంత్రం మేస్త్రమ్మ, "రేపు నేనొక్కదాన్నే వెళ్తానే, నువ్వు రావద్దు" అంది. ఎందుకో చెప్పలేదు. ఆడపడుచు ఆమె మొహంలోకి చూసి, "సరే వదినా" అని ఊరుకుంది. ఊరుకున్న మనిషి మనసులో ఏమనుకుందో మేస్త్రమ్మ కనిపెట్టలేకపోయింది.

ఆయన పోయినప్పటి నుంచీ కంటి మీద కునుకు లేదు. అలాంటిది ఆ రాత్రి కొత్త చోట ఒళ్లు తెలియని నిద్ర పట్టేసింది. లేచేసరికి ఎండ గదిలోకి వచ్చేసింది. పక్కన ఆడపడుచు లేదు. మేకుకి తగిలించిన తాళంచెవి లేదు. మూల నుండాల్సిన బకెట్టూ లేదు. ఆ ఖాళీ మూలని చూడగానే మేస్త్రమ్మ దిగ్గున లేచింది. జుట్టు ముడి కూడా వేసుకోకుండా వీధిలో పడింది.

తలుపు బార్లా తీసి ఉంది. లోపలంతా సబ్బు వాసన. మేస్త్రమ్మ గోడ వంక చూసింది. చార పోయింది. పోయిందనడానికీ లేదు, నల్లగా ఉండాల్సింది తెల్లగా ఉంది. నడుం ఎత్తున, గది గుమ్మం దాటి, వంటింటి దగ్గర మలుపు తిరిగి, వీధి తలుపు దాకా మసక గోడ మీద తెల్లటి పట్టీ. అక్కడక్కడా ఇంకా తడి ఆరలేదు.

ఆడపడుచు వంటింట్లోంచి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి. "వచ్చేశావా వదినా? అయిపోయిందిలే. నువ్వేం ముట్టుకోకు" అంది.

మేస్త్రమ్మ నోటి నుంచి వచ్చింది చూడండి, రావాల్సిన మాట కాదు, రోజూ పనిలో అరిచే అరుపు!

"ఇది పనా? ఏమే, దీన్ని పనంటారా? మరకని తుడిచి గోడని వదిలేశావు! ఇన్నేళ్లూ నా దగ్గర నేర్చుకుంది ఇదేనా? నిన్నగాక మొన్న చేరినదానికి కూడా తెలుసే! చూడు ఎలా కనబడుతోందో! అసలు నిన్నెవరు రమ్మన్నారు?"

"నువ్వు ఏడుస్తూ తుడవాల్సొస్తుందని..."

"నా ఏడుపు నీకెందుకే! నా ఏడుపు నేనేడుస్తాను!"

ఆడపడుచు చేతిలో గుడ్డ నులుముకుంటూ నిలబడింది. "గోడంతా తుడుద్దామనే మొదలుపెట్టాను వదినా. దాని మీద చెయ్యి పెట్టాక మిగతా గోడ నాకు కనబడలేదు. అన్నయ్య చెయ్యి ఎటు పోయిందో గుడ్డ అటే పోయింది. అలాగే నడుచుకుంటూ వచ్చేశాను. తలుపు దాకా వచ్చి వెనక్కి చూసుకుంటే ఇలా ఉంది."

మేస్త్రమ్మ అక్కడే నేల మీద కూలబడింది. తను నడవాల్సిన నడక అది. ఈ పిల్ల నడిచేసింది. నడుస్తూ నడుస్తూ వెనకాల చెరిపేసుకుంటూ వచ్చింది.

"నేను నడుద్దామనుకున్నానే," అంది. "కళ్లు మూసుకుని, ఒక్కసారి. అందుకే నిన్ను రావద్దన్నాను."

"నాతో చెప్పొచ్చు కదా వదినా!"

"ఏమని చెప్పను? ముసలిదాన్ని, గోడ పట్టుకుని ఆడుకుంటానని చెప్పనా? నవ్వవూ?"

ఆడపడుచు నవ్వలేదు. పక్కన చతికిలబడి భోరుమంది. వదిన ఒళ్లో తల పెట్టబోతే మేస్త్రమ్మ విసురుగా తోసేసింది. కాసేపయ్యాక తనే ఆ తల దగ్గరికి లాక్కుంది. "నీకూ అన్నయ్యే కదే" అంది. ఇద్దరూ వెక్కి వెక్కి ఏడ్చారు.

ఏడ్చినా పని తప్పదు. మధ్యాహ్నం లోపు ఇంటావిడ వస్తుంది. మేస్త్రమ్మ లేచి చేతులు పైకి మడుచుకుంది, బకెట్టులో నీళ్లు మార్చింది. ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే, మిగతా గోడని కూడా కడిగి ఆ పట్టీతో సమానం చెయ్యడం. పడగ్గదిలో మొదలుపెట్టి పట్టీకి పైనా కిందా మసక వదిలించుకుంటూ వచ్చింది. గోడ తెల్లబడిన కొద్దీ పట్టీ అందులో కలిసిపోతోంది. నల్లగా ఉన్నప్పుడు చెల్లెలు తుడిచేసింది, తెల్లగా మిగిలినదాన్ని పెళ్లాం తుడిచేస్తోంది, ఇంకేం మిగులుతాడు ఆ మహానుభావుడు! వంటింటి మలుపు దగ్గర చెయ్యి ఆగింది. "నేను చెయ్యనా?" అంది ఆడపడుచు. "అక్కర్లేదు" అని ఆ మలుపూ తనే కడిగింది.

వీధి తలుపు దాకా వచ్చి మళ్లీ ఆగింది. తలుపు పక్కన, ఇన్నాళ్లూ వానకోట్లూ సంచులూ కొక్కేలకి వేలాడిన చోట, గోడ మీద రెండు తెల్లటి మచ్చలున్నాయి. ఒకటి అరచెయ్యంత. ఇంకోటి దానికి పైన, గుండ్రంగా.

"ఇక్కడేం తుడిచావే? రూటు తలుపు దగ్గరే ఆగిపోతుందిగా."

"కోట్ల వెనక ఉంది వదినా, పొద్దున అవి తీస్తే కనబడింది. అన్నిటికన్నా అక్కడే నల్లగా ఉంది. జిడ్డు పట్టేసి ఓ పట్టాన వదల్లేదు." ఆడపడుచు తడబడింది. "నీకు తెలీదా?"

"ఏంటి తెలిసేది?"

"అన్నయ్య అక్కడ నిలబడేవాడు. కోట్లు పక్కకి జరిపి, చెయ్యి గోడకి పెట్టి, నుదురు గోడకి ఆనించి. నీ బస్సు వచ్చినప్పుడు."

సాయంత్రం ఇంటికొచ్చి మేస్త్రమ్మ తాళంచెవి తియ్యకముందే తలుపు తెరుచుకునేది. ఎదురుగా ఆయన. "ఇప్పుడే లేచానే" అనేవాడు. ఈయనవి ఎంత పాడు చెవులో, అడుగు పెట్టకముందే పసిగట్టేస్తాడు అనుకునేది.

"నేను పనికి రాని రోజుల్లో ఇక్కడికొచ్చి కూర్చునేదాన్నిగా, అప్పుడు చూశాను," అంది ఆడపడుచు. "వీధి చివర బస్సాగితే బ్రేకు చప్పుడు బట్టి నీ బస్సో కాదో చెప్పేసేవాడు. 'మీ వదిన దిగింది' అని లేచి వచ్చి అక్కడ నిలబడేవాడు. నువ్వేమో వెంటనే వచ్చేదానివి కాదు."

వెంటనే వచ్చేది కాదు. నిజమే. బస్సు దిగిన చోట సైకిలు షాపు ముందు ఓ బల్ల ఉంది. రోజూ దాని మీద కూర్చునేది. ఏ పనీ లేదు, ఎవరితో కబుర్లూ లేవు. ఇంటికెళితే మందులు, ఇంజెక్షను, తినిపించడం, కడగడం, మధ్యలో హారన్లు. అదంతా మొదలయ్యేలోపు కాసేపు ఎవరికీ ఏమీ కాకుండా కూర్చునేది. ఒక్కోసారి వీధి దీపాలు వెలిగేదాకా లేవబుద్ధయ్యేది కాదు. ఇంటికొచ్చి బస్సు ఆలస్యమైందనేది. ఎవరితో? బస్సు డ్రైవరుతో!

"ఆయనకి తెలుసా?" అని అడిగింది మేస్త్రమ్మ.

"తెలుసు. 'వదిన ఇంకా రాలేదేం అన్నయ్యా, వెళ్లి చూడనా' అంటే వద్దనేవాడు. 'రోజంతా ఊళ్లోవాళ్ల మురికి, ఇంటికొస్తే నేను. మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకోనివ్వవే' అనేవాడు. పోనీ నువ్వు కూర్చో అంటే కూర్చునేవాడు కాదు."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పొద్దన్నాడు. చెబితే ఆ కాసేపు కూడా కూర్చోదు, పరిగెత్తుకొచ్చేస్తుంది అన్నాడు."

మేస్త్రమ్మ ఆ గుండ్రటి మచ్చ దగ్గరికి వెళ్లింది. ఎన్ని వందలసార్లు ఆ కోట్లు తగిలించింది, తీసింది, దులిపింది! వెనక గోడ ఏనాడూ చూడలేదు. అక్కడ ఆయన నుదురు ఎంత నల్లగా పడిందో ఇక చూద్దామన్నా లేదు. తన నుదురు అక్కడ ఆనించబోయింది. ఆయన ఆమెకన్నా బాగా పొడుగు. మునివేళ్ల మీద లేచినా అందలేదు. అరచేతి మచ్చ మాత్రం అందింది. దాని మీద చెయ్యి పెట్టి, "వచ్చేసేదాన్నయ్యా, చెబితే వచ్చేసేదాన్ని" అని గోడతో అంది. 

అప్పుడే ఇంటావిడ వచ్చింది. గదులన్నీ తిరిగి, "అబ్బ, మీ చేతిలో ఏముందో గానీ! మా అమ్మాయి చూస్తే ఎగిరి గంతేస్తుంది" అని మురిసిపోయింది. వీధి తలుపు దగ్గరికొచ్చి గోడ చూసింది. "ఇక్కడ చూడండి, ఈ రెండు చోట్లా ఎంత తెల్లగా వచ్చిందో! మిగతా ముక్క కూడా ఇలాగే వస్తే ఇంకేం కావాలి" అంది.

"అది అలా వదిలెయ్యండమ్మా, అది..." అని ఆడపడుచు ఏదో చెప్పబోయింది. మేస్త్రమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంకా అవలేదమ్మా. ఆ ఒక్క ముక్కే మిగిలింది" అంది.

గుడ్డ ముంచి పిండింది. పై మూల నుంచి కింది మూల దాకా, ఎక్కడా చెయ్యి ఆపకుండా, ఎక్కడా ఎక్కువ తక్కువ కాకుండా కడిగింది. ఆడపడుచు బకెట్టు పట్టుకుని పక్కనే నిలబడింది. పనయ్యాక ఇంటావిడ తాళంచెవి కోసం చెయ్యి చాపింది.

"కాస్త ఆరనివ్వండమ్మా," అంది మేస్త్రమ్మ. "తడి మీద ఏదీ తెలీదు. ఆరాక చూసి వెళ్తాను."

ముగ్గురూ నిలబడ్డారు. గోడ పైనుంచి మెల్లగా ఆరుతూ వచ్చింది. మేస్త్రమ్మ రెప్ప వెయ్యకుండా చూసింది. ఏ మూలైనా కాస్త తేలుతుందేమోనని చూసింది. దగ్గరికెళ్లి చూసింది, పక్కకి జరిగి వెలుతురు పడేలా చూసింది. గోడంతా ఒక్కటే తెలుపు. ఆయన నుదురు ఎక్కడ ఉండేదో, చెయ్యి ఎక్కడ ఉండేదో ఇప్పుడు ఆమెకే తెలియడం లేదు. పుట్టి బుద్ధెరిగి అంత బాగా ఆమె ఏ గోడా కడగలేదు.

తాళంచెవి ఇంటావిడ చేతిలో పెట్టింది.